పేరంటాలు చీర

మా ఇంట్లో పెళ్ళి జరగాలంటే ముందు చచ్చిపోయినావిడకు చీర పెట్టాలి. ఆవిడ మా నాన్నకు మేనత్త, పేరు సీతారావమ్మ. పద్దెనిమిదేళ్ళకే పసుపు కుంకుమలతో పోయిందట. అప్పట్నుంచీ ఆవిడ మా ఇంటి పేరంటాలు. పెళ్ళికొడుకునో పెళ్ళికూతురినో చేసే రోజు పొద్దున్నే, నడవలో తూర్పు గోడకు జానెడు మేర పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, దాని ముందు కొత్త చీర, రవికెల గుడ్డ, గాజులు, చలిమిడి ఉంచి దీపం వెలిగిస్తారు. ఆ చీర ఆ పూట ఇంటి ఆడపిల్ల కట్టుకోవాలి. కట్టుకుని, పీట మీద కూర్చుని, మొదటి ముద్ద తినాలి. ఆ పిల్ల తిన్నాకే చుట్టాలకు విస్తళ్ళు వేస్తారు. కోడలు కట్టుకోవడానికి వీల్లేదు. చుట్టాలమ్మాయిని అరువు తెచ్చుకోవడానికీ వీల్లేదు. ఆ ఇంట్లో పుట్టిన పిల్లే కావాలి.

1986 ఫాల్గుణంలో మా తమ్ముడు శేషగిరికి పెళ్ళి కుదిరింది. తీరా చూస్తే చీర కట్టుకోవడానికి మా ఇంట్లో ఆడపిల్ల లేదు.

నేను లేనా అంటే ఉన్నాను. కోటిరత్నం అంటారు నన్ను. అప్పటికి రెండేళ్ళ కిందట మా ఆయన పత్తిచేలో పురుగుమందు కొడుతూ గాలికి ఎదురు నడిచాడు. సాయంత్రానికి నురగలు కక్కి పోయాడు. ముప్ఫై నిండకుండానే నేను ఒక రేకుపెట్టెతో పుట్టింటికి తిరిగొచ్చాను. మొగుడు పోయినది పేరంటాలు చీర ముట్టుకోకూడదు. బొట్టు తీశారు, గాజులు తీశారు, నోరు మాత్రం వదిలేశారు. దాన్నే బాగా వాడుకుంటున్నానని ఊళ్ళో నాకు పేరు.

మరో ఆడపిల్ల ఉంది. దాన్ని ఆడపిల్ల అని మా ఇంట్లో ఎవరూ అనరు. నేనూ మొదట్లో అనేదాన్ని కాదు, ఇప్పుడు అంటున్నాను.

అమ్మ రెండో కాన్పుకు ముందు మా నాయనమ్మ మొక్కుకుంది, మగపిల్లాడైతే గురునాథం, ఆడపిల్లయితే గురవమ్మ అని పేరు పెట్టుకుంటామని. మంత్రసాని మగపిల్లాడంది. గురునాథం అయ్యాడు. నడక వచ్చిన దగ్గర్నుంచీ వాడు నా వెనకే. పత్తి తీతకు అమ్మ కూలీలతో చేలోకి దిగితే, వాడు కూడా అమ్మ పాత పసుపుపచ్చ చీర ముక్క నడుముకు ఒడిలా కట్టుకుని ఆడవాళ్ళ వరసలో చేరేవాడు. బుజ్జి చేతుల్తో ఎంత శుభ్రంగా తీసేవాడంటే పత్తిలో ఒక్క ఆకు ముక్క కనపడేది కాదు. ఆడకూలీలు నవ్వేవాళ్ళు, బుగ్గలు పుణికేవాళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లాడు ఒడి కట్టుకుంటే ముద్దు. పన్నెండేళ్ళకు నవ్వు ఆగిపోయింది. పద్నాలుగేళ్ళకు నాన్న ఆ ఒడి లాగి పొయ్యిలో పడేశాడు. పదిహేడేళ్ళకు మేనమామ కూతురితో పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నారు. ముహూర్తం పెట్టించడానికి నాన్న పర్చూరు వెళ్ళిన పూటే గురునాథం ఇల్లు వదిలిపోయాడు.

ఊళ్ళో అడిగితే మద్రాసులో పనికి కుదిరాడని చెప్పాం. ఎవరూ నమ్మలేదు, ఎవరూ మళ్ళీ అడగలేదు. పోయింది మద్రాసు కాదు, బస్సెక్కితే గంటన్నర దూరం లేని చీరాల. అక్కడ రైలు గేటు అవతల ఖైరున్నీసా అనే పెద్దావిడ ఇంట్లో చేరింది. ఆవిడా దీనిలాగే మగపుట్టుక పుట్టి ఆడదానిగా బతికే మనిషి. తనలాంటి నలుగురిని చేరదీసి అన్నం పెడుతోంది. చేరిన రోజున ఖైరున్నీసా సినిమావాళ్ళ పేర్లు నాలుగైదు చెప్పి, ఏది కావాలో ఎంచుకోమందట. ఇది ఒప్పుకోలేదట. "మా ఇంట్లో నాకో పేరు అనుకుని ఉంచారు" అని గురవమ్మ అని పెట్టుకుంది.

పెళ్ళి కుదిరిన వారానికి నేను చీరాల వెళ్ళాను. ఆస్పత్రికని ఇంట్లో చెప్పాను. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఆ జబ్బేమిటో అమ్మ ఎప్పుడూ అడగలేదు. బయల్దేరేటప్పుడు మాత్రం నా సంచిలో ఊరమిరపకాయల పొట్లం ఒకటి పడేసేది. నేను ఊరమిరపకాయలు తిననని అమ్మకు తెలుసు.

గురవమ్మ వసారాలో కూర్చుని పడుగు పోగులు అతుకుతోంది. మగ్గాలవాళ్ళ దగ్గర ఆ పని తెచ్చుకుని చేసేది. అంగళ్ళ వెంట తిరిగి చప్పట్లు కొట్టడం దానికి చేతకాదు. మిగతావాళ్ళు వెక్కిరిస్తే వెక్కిరించనిచ్చేది. నన్ను చూసి పొట్లం లాక్కుంది, వాసన చూసింది, నవ్వింది. పనికి వంగీ వంగీ నడుం పట్టేసినా ఆ నవ్వు మాత్రం చిన్నప్పటిదే.

"శేషుకు పెళ్ళంటగా" అంది.

"నీకెవరు చెప్పారే?"

"మనూరోళ్ళు చీరాల బజారుకు రారా ఏంది." పోగు మీద పోగు వేసి మెలితిప్పింది. తల ఎత్తకుండానే అడిగింది. "పేరంటాలు చీర ఎవరు కట్టుకుంటన్నారక్కా?"

నేను సంచి సర్దుకోవడం మొదలుపెట్టాను.

"నువ్వు కట్టుకోకూడదు. నాన్న తోడబుట్టిన మేనత్త ఉండేది, ఆవిడా పోయింది. ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

అది పని ఆపేసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "నేను పెళ్ళికి రానక్కా. పెళ్ళికూతురి మొహం కూడా చూడను. పెళ్ళికొడుకుని చేసే రోజు తెల్లారేసరికి వస్తా. అమ్మ చేత్తో ఆ చీర ఇస్తే కట్టుకుంటా. పీట మీద కూర్చుని ఒక్క ముద్ద తింటా. దొడ్డిదారిన వచ్చి దొడ్డిదారినే పోతా. ఇంకేం అడగను. ఈ జన్మకు ఇంకేం అడగనని చెప్పు అమ్మతో."

నాకు ఒళ్ళు మండింది. పుట్టిన ఇంటికి దొడ్డిదారిన వస్తానని బతిమాలుకోవడం ఏమిటి? ఆ మాటే అరిచి చెప్పాను. అది నా చెయ్యి పట్టుకుని, "నువ్వరిస్తే ఏమొస్తదిలే అక్కా, అమ్మను అడుగు" అంది. నేను అడుగుతానన్నాను.

అడగడానికి నాలుగు రోజులు పట్టింది. నా నోరంతా ఊరివాళ్ళ మీదే అని అప్పుడు తెలిసింది. కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. అమ్మా నేనూ కూర్చుని తాలుకాయలు ఏరుతున్నాం, తెల్లబడిపోయినవన్నీ ఒక పక్కకు. మా అమ్మ వెంకటేశ్వరమ్మ మాట్లాడటం తక్కువ. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తోడు కూర్చున్నా ఆవిడ దగ్గర పది మాటలు రాలవు. చెప్పాల్సింది నేను చెప్పేశాను. పేరంటాలు చీర, పీట, ఒక్క ముద్ద, దొడ్డిదారి, అన్నీ.

అమ్మ ఏరుతూనే ఉంది. గంపెడు కాయలయ్యాక అడిగింది.

"జుట్టెంత ఉంది?"

"నడుం దాకా."

"ఒత్తుగా ఉందా?"

"ఒత్తుగానే ఉంది."

"నాకూ అట్టాగే ఉండేది" అంది అమ్మ. తర్వాత కళ్ళు తుడుచుకుని కాయల ఘాటు మీదకు నెట్టేసింది. మా ఇంట్లో ఎవరు ఏడ్చినా నింద మిరపకాయలకే పడుతుంది.

మర్నాడు అమ్మ నన్ను వెంటబెట్టుకుని చీరాల వచ్చింది, పెళ్ళి బట్టలకు. అన్నీ నా ఎంపికకే వదిలేసింది, పేరంటాలు చీర తప్ప. దానికోసం మాత్రం మూడు కొట్లు ఎక్కి దిగింది. చివరికి తంగేడుపువ్వు రంగు చీర, ఎర్రంచుది, తీసుకుంది. పత్తిచేలో వాడు ఒడి కట్టుకున్న ముక్కది కూడా అదే పసుపు. రైలు గేటు దాకా వెళ్దామా అని అడిగాను. అమ్మ బస్సు వేళవుతుందంది. బస్సుకు ఇంకా గంట ఉంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర నాన్నకు చెప్పాను. మా నాన్న చెంచయ్య కోపిష్టి అని పేరేగానీ వయసు మీద పడ్డాక కోపం కూడా ఓపిక లేక వదిలేశాడు. ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. కోపం వచ్చింది శేషగిరికి.

"అది గడప తొక్కితే నేను పీటల మీద కూచోను. ముందే చెప్తున్నా."

"చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిప్పింది అదేరా" అన్నాను.

"అది గాదు, మా అన్న. మా అన్న మద్రాసులో ఉన్నాడు."

నేను గిన్నె విసిరేసేదాన్నే. నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "కోటీ, ఆగవే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుద్ది. ఆడపెళ్ళోళ్ళతో ఏం చెప్పానో నువ్వినలేదా?"

విన్నాను. సంబంధం మాట్లాడటానికి పొన్నూరు నుంచి వాళ్ళొచ్చినప్పుడు నాన్న, "నాకిద్దరు పిల్లలండీ. అమ్మాయి, అబ్బాయి" అన్నాడు. గుమ్మం పక్కనే ఉన్న అమ్మ తమలపాకులు సర్దుతూ వింది.

"ఇప్పుడు మూడో బిడ్డ ఉందనీ, అది ఇట్టాంటిదనీ తెలిస్తే లేచిపోరూ? ఈడి బతుకేంగాను?" అన్నాడు నాన్న. తర్వాత గొంతు తగ్గించి, "ఎరువుల బండి తోలుకొచ్చినప్పుడల్లా ఆ రైలు గేటు కాడ ఆగుతా. గేటు పడిందని మీతో చెప్తా. ఆగుతాగానీ దిగలేను. కాళ్ళు రావు" అన్నాడు. పదేళ్ళలో ఆయన నోట ఆ ప్రస్తావన రావడం అదే మొదలు. అంతవరకు ఆయన మీద నాకున్న కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తెనాలిలో బాబాయి మనవరాలుంది, దాన్ని తీసుకొచ్చి చీర కట్టబెడదామన్నాడు శేషగిరి. అప్పుడు అమ్మ నోరు విప్పింది.

"ఆ పిల్ల ఈ ఇంట్లో పుట్టిందా?"

శేషగిరి మజ్జిగ చెంబు అందుకున్నాడు.

"పుట్టిన పిల్లను బయటుంచి, అరువు పిల్లను పీట మీద కూచోబెడితే పేరంటాలు ఊరుకోదు. పెళ్ళి ఆపుకోండి కావాలంటే."

పుట్టిన పిల్ల అంది. నేను చెవులారా విన్నాను. ఆ ఒక్క మాటతో నాకు కొండంత బలం వచ్చింది. ఆ బలంలోనే, ఆ సంతోషంలోనే, నాకో ఉపాయం తట్టింది. దేవుడు నన్ను మొగుడు పోయినరోజున తీసుకుపోయినా బాగుండేది, ఆ ఉపాయం పుట్టకపోయేది.

పెళ్ళిళ్ళకు ఖైరున్నీసా లాంటివాళ్ళు రావడం మామూలే గదా అన్నాను. ఏ పందిరికైనా వస్తారు, డోలక్ వాయిస్తారు, దీవిస్తారు, చీరా బియ్యం తీసుకుని పోతారు. వాళ్ళ దీవెన మంచిదని అందరూ పిలిచి మరీ ఇస్తారు. మనింటికీ రానిద్దాం. నలుగురిలో గురవమ్మ కూడా వస్తుంది. అమ్మ ఆ చీర పందిట్లోనే దాని చేతిలో పెడుతుంది. చూసేవాళ్ళకు పందిట్లోకి వచ్చినవాళ్ళకు ఇచ్చినట్టుంటుంది. మనకూ పేరంటాలుకూ మాత్రం ఇంటి ఆడపిల్లకిచ్చినట్టు తెలుస్తుంది. ఊళ్ళో ఒకరిద్దరు గుర్తుపట్టినా మనవాళ్ళు పైకి అనరు. పొన్నూరువాళ్ళకు అసలే తెలియదు.

నాన్న తలెత్తి చూశాడు. శేషగిరి ఆలోచించి, పందిరి దాటి లోపలికి రాకూడదన్నాడు. "మరి ముద్ద?" అంది అమ్మ. ఆకులో కట్టి ఇద్దామన్నాను. సరేనన్నారు. నాన్న ఆ పూట మజ్జిగలో రెండోసారి అన్నం వేయించుకున్నాడు. పామూ చావకుండా కర్రా విరగకుండా పని చక్కబెట్టానని నా తెలివికి నేనే మురిసిపోయాను.

చీరాల వెళ్ళి చెప్పాను. పెళ్ళికొడుకుని చేసే రోజు, పొద్దున తొమ్మిదింటికి, అమ్మ చేతుల మీదుగా, ఆ చీరే అని ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. గురవమ్మ అంతా విని, "గుమ్మం లోపలా, బయటా?" అంది.

"పందిట్లో."

"పందిట్లోనా." కొంగుకు చేతులు తుడుచుకుంది. "చప్పట్లు కొట్టాలి కదక్కా?"

"కొట్టకపోతే అనుమానపడతారే. నలుగురితో పాటు నువ్వూ ఏదో..."

మంచం మీద కూర్చుని ఆకు నములుతున్న ఖైరున్నీసా ఆ మాటతో అందుకుంది. "వద్దు బేటీ. ఇంట్లోకి పిలిస్తే వెళ్ళు, నేనే పంపిస్తా. పందిట్లోకైతే మేం పోతాం. అది మా బతుకుతెరువు. అక్కడ నీకేం పని?"

గురవమ్మ ఆవిడ వంక చూడలేదు, నా వంకే చూసింది. "అమ్మ ఏ రంగు కొన్నది?"

"తంగేడుపువ్వు రంగు. మూడు కొట్లు తిరిగింది."

"వస్తాలే" అంది.

ఆ రోజు రానే వచ్చింది. తెల్లవారకముందే అమ్మ తలస్నానం చేసి నడవలో గోడకు పసుపు పూసింది. చీర పెట్టింది, దీపం పెట్టింది. నేను వంటింటి గుమ్మంలోనే నిలబడి చూశాను, దగ్గరికి వెళ్ళకూడదు గనుక. అమ్మ దణ్ణం పెట్టుకుని ఏమిటో చాలాసేపు గొణుక్కుంది. మాటలు రాలని మనిషి చచ్చిపోయినావిడతో అన్ని మాటలు మాట్లాడటం అప్పుడే చూశాను. తర్వాత పీట తెచ్చి నడవలో వాల్చింది. ఎవరూ కూర్చోని పీట ఎందుకు వేశావని అడగబోయి ఊరుకున్నాను.

తొమ్మిదింటికి శేషగిరికి నలుగు పెట్టి, స్నానం చేయించి, పందిట్లో కుర్చీలో కూర్చోబెట్టారు. పెళ్ళికొడుకుని తీసుకెళ్ళడానికి పెళ్ళికూతురి మేనమామ పొన్నూరు నుంచి కారు వేసుకొచ్చాడు. తెల్ల చొక్కా, చేతికి గడియారం, మాటిమాటికీ దాన్నే చూసుకుంటున్నాడు. అంతలో వీధి మలుపులో డోలక్ వినపడింది. చుట్టాలు నవ్వుకున్నారు. వచ్చారయ్యా కట్నాలవాళ్ళు అని ఎవరో అన్నారు.

ముందు ఖైరున్నీసా. వెనక ఇద్దరు. అందరికంటే చివర గురవమ్మ. తల నున్నగా దువ్వుకుని, పూలు పెట్టుకుని, పాత చీరే ఉతికి కట్టుకొచ్చింది. ఎందుకంటే ఇక్కణ్ణించి కొత్తది కట్టుకుని వెళ్ళాలి గదా. పందిరి గుంజ దగ్గర ఆగి ఇంటి వంక చూసింది. వాకిలి, గడప, నడవ, నడవలో పీట. అది పీటను చూడటం నేను చూశాను.

వాళ్ళు పాట ఎత్తుకున్నారు. చప్పట్లు కొట్టారు. గురవమ్మ కూడా కొట్టింది. మొదట మెల్లిగా, చేతకాకుండా. ఎవరో కుర్రాళ్ళు, "అదేంది, దీనికి సరిగ్గా రాదే" అని నవ్వారు. అప్పుడు గట్టిగా కొట్టింది, అరచేతులు అడ్డంగా పెట్టి, వాళ్ళు కొట్టినట్టే. తన ఇంటి ముందు, తనను కన్నవాళ్ళ ఎదుట కొట్టింది. నాన్న పందిరి తాడు వంక చూస్తున్నాడు, ముడి ఊడిపోతుందేమో అన్నట్టు. నాకు అప్పుడే తెలిసింది నేనేం చేశానో. అరచి ఆపెయ్యాలనిపించింది. ఊరంతా భయపడే నా నోరు ఆ క్షణాన పెగల్లేదు.

అమ్మ పళ్ళెం తీసుకుని వచ్చింది. చీర, రవికెల గుడ్డ, గాజులు, పసుపు, కుంకుమ, ఆకులో కట్టిన అన్నం. గురవమ్మ ఎదురుగా నిలబడింది. పదేళ్ళయింది ఇద్దరూ మొహాలు చూసుకుని. అమ్మ కుంకుమ భరిణెలో వేలు ముంచి చెయ్యెత్తింది. గురవమ్మ కాస్త వంగింది.

"కానివ్వండమ్మా, వర్జ్యం వచ్చేస్తది. ఇచ్చి పంపించెయ్యండి" అన్నాడు పెళ్ళికూతురి మేనమామ.

అమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వేలికున్న కుంకుమ కొంగుకు తుడుచుకుంది. పళ్ళెం ముందుకు చాచి, "తీసుకోండమ్మా. మా పిల్లాణ్ణి దీవించండి" అంది.

కన్నబిడ్డను పట్టుకుని "అండి" అంది. పరాయివాళ్ళతో మాట్లాడినట్టు, మర్యాదగా.

గురవమ్మ పళ్ళెం అందుకుని పక్కన పెట్టింది. శేషగిరి దగ్గరికి వెళ్ళి వాడి బుగ్గల మీద నుంచి రెండు చేతులూ తీసి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. వాడు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత మళ్ళీ అమ్మ వైపు తిరిగింది. వాళ్ళు ఏ ఇంట్లోనైనా ఇల్లాలిని దీవించే ముందు అడిగే మాట ఒకటుంది. అదే అడిగింది.

"నీకెంతమంది పిల్లలు తల్లీ?"

డోలక్ ఆగింది. ఖైరున్నీసా గబుక్కున తలతిప్పి చూసింది. అది చీర కోసం రాలేదు, ఈ ఒక్క మాట కోసం వచ్చిందని నాకు తెలిసిపోయింది. అమ్మా, ముగ్గురను. ఎవరికీ అర్థం కాదు, పోయిన బిడ్డనుకుంటారు, ముగ్గురను చాలు అని లోపల్లోపల దేవుళ్ళందరికీ మొక్కాను. అమ్మ పెదాలు కదిలాయి. ఆవిడ చూపు గురవమ్మ మీంచి నాన్న మీదకు, నాన్న మీంచి తెల్ల చొక్కా మీదకు పోయింది.

"ఇద్దరు" అంది అమ్మ.

గురవమ్మ తలూపింది. అమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టింది. "ఆ ఇద్దరూ సల్లంగుండాలి తల్లీ. నీ కడుపు సల్లంగుండాలి" అంది. పళ్ళెంలోవి సంచిలో వేసుకుని, నలుగురిలో చివరిదై, వచ్చిన దారినే పోయింది. వీధి మలుపు దాకా చప్పట్లు కొడుతూనే పోయింది.

మా పెద్దమ్మ అమ్మతో, "అంత మంచి చీర వాళ్ళకెందుకిచ్చావే" అంది. అమ్మ లోపలికి వెళ్ళి నడవలో పీట తీసి గోడకు ఆనించింది. నాన్న ఆ పూట భోజనానికి లేవలేదు, పైత్యం చేసిందన్నాడు. పెళ్ళి మాత్రం చాలా బాగా జరిగింది. పొన్నూరువాళ్ళు మర్యాదస్తులు.

పదిరోజులాగి చీరాల వెళ్ళాను. అమ్మ ఊరమిరపకాయల పొట్లం వెయ్యలేదు. మర్చిపోయిందో, చెయ్యి రాలేదో నేను అడగలేదు. గురవమ్మ పోగులు అతుకుతోంది. నన్ను చూసి నవ్వింది, కూర్చోమంది, టీ తెప్పించింది. నేను దాని కాళ్ళు పట్టుకుందామనే వెళ్ళాను. పట్టుకోబోతే చేతులు విడిపించుకుంది.

"ఎందుకక్కా ఇది? నువ్వు నాకు మంచే చెయ్యబోయావు."

లోపలికి వెళ్ళి చీర తెచ్చింది. మడత విప్పలేదు. కొట్టువాడు కట్టిన దారం కూడా అలాగే ఉంది. నా ఒళ్ళో పెట్టింది.

"కట్టుకోలేదా?"

"ఎట్టా కట్టుకోను? అది ఇంటి ఆడపిల్ల కట్టుకోవాల్సింది." దారం మీద వేలితో రాసింది. "అన్నం తిన్నాను. అమ్మ వండింది గదా, దారిలోనే తినేశాను. చీర మాత్రం నాది కాదక్కా. అమ్మకు ఇద్దరే పిల్లలంట. ఆ ఇద్దరిలో ఆడపిల్లవి నువ్వే. తీసుకుపో."

"నేను ముట్టుకోకూడదని నీకు తెలుసుగదే."

"తెలుసు" అంది. అవతల గేటు పడింది, రైలు పోయింది, గేటు లేచింది. "నన్ను మాత్రం ఏం చెయ్యమంటావు చెప్పు" అంది కాసేపటికి, పోగులు చేతిలోకి తీసుకుంటూ. నేను చీర సంచిలో పెట్టుకుని లేచాను.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. అమ్మ కల్లంలో తాలుకాయలు ఏరుతోంది. సంచి పాక గుంజకు తగిలించి పక్కన కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను. గంపెడు కాయలయ్యాక అమ్మ అడిగింది.

"ఆస్పత్రిలో ఏమన్నారు?"

"బాగానే ఉందన్నారు."

మళ్ళీ కాసేపటికి, చాలా మెల్లిగా అడిగింది.

"కట్టుకుందా?"

నేను కాయల మీంచి చూపు ఎత్తలేదు. "కట్టుకుంది."

"నప్పిందా?"

"నప్పింది. అచ్చం నీలాగే ఉంది."

"కుచ్చిళ్ళు సరిగ్గా పోసుకుందా? చిన్నప్పుడు నేనే నేర్పుదామనుకున్నాను. మీ నాయన ఏమంటాడోనని..." అమ్మ ఆ మాట పూర్తి చెయ్యలేదు. చేతిలో కాయ ఎర్రదో తెల్లదో చూడకుండానే తాలులో వేసింది. "సరిగ్గానే పోసుకుందా?"

"సరిగ్గానే పోసుకుందమ్మా" అన్నాను. చీర మా ఇద్దరి తలల పైన, గుంజకు తగిలించిన సంచిలోనే ఉంది.